కృష్ణా తీరంలో పక్షుల ఫోటోలు తీయదలచిన వారికి: ఏ లెన్స్, ఏ కెమెరా, ఏ సాఫ్ట్‌వేర్

పక్షుల ఫోటోలు తీయాలన్న ఉత్సాహంతో కెమెరా కొనబోయేవారు మొదట అడిగేది ఏ కంపెనీ మంచిదని. విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఉండేవారు ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, తాము నెలకు రెండుసార్లయినా వెళ్లగలిగిన చోటు ఏది, అక్కడ పక్షికీ తమకూ మధ్య దూరమెంత, తాము వెళ్లే వేళకు వెలుతురెంత అన్నవి ముందుగా తేల్చుకోవాలని నా అభిప్రాయం. ఇవి తేలితే ఏ లెన్స్ కావాలో తెలుస్తుంది, లెన్స్ తెలిస్తే బాడీ (లెన్స్ లేని కెమెరా) ఎంపిక సగం పూర్తయినట్లే. సాఫ్ట్‌వేర్ కోసమైతే మొదటి సంవత్సరం రూపాయి కూడా ఖర్చు పెట్టనవసరం లేదు.

మన చుట్టుపక్కల చోట్లు అన్నీ ఒకే రకం కావు. గుంటూరు పక్కన పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, తెల్ల కంకణాలు తుమ్మచెట్ల మీద గుంపులుగా గూళ్లు కట్టుకుంటాయి. చెరువు చిన్నది కాబట్టి గట్టు మీద నుంచే వాటిని బాగా చూడవచ్చు. కొల్లేరు పద్ధతి వేరు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల) జాబితాకెక్కిన ఆ సరస్సు చాలా విశాలమైనది. కైకలూరు దగ్గరి ఆటపాకలో నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టుకుంటాయి, పడవెక్కితే కొంత దగ్గరకు పోవచ్చు. మిగతా కొల్లేరులో మాత్రం పక్షి ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. హైదరాబాద్ రహదారి మీద ఇబ్రహీంపట్నం దాటాక వచ్చే మూలపాడు సీతాకోకచిలుకల పార్కులో మనకు కావలసింది దూరాన్ని దగ్గర చేసే శక్తి కాదు, దగ్గరలో ఉన్నదాన్ని పెద్దది చేసి చూపే శక్తి. ఇక విజయవాడ వారికి ఇంటి పక్కనే ఉన్నది ప్రకాశం బ్యారేజీ దిగువన నీటి మడుగులు, ఇసుక తిన్నెలు. అక్కడి కొంగలను, నీటికాకులను, లకుముకి పిట్టలను ఆఫీసుకు వెళ్లే ముందు కూడా ఒక గంట తీసుకోవచ్చు.

దూరానికీ లెన్స్‌కూ ఉన్న సంబంధం చిన్న లెక్కతో తేలిపోతుంది. పక్షి ఎత్తును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (దూరాన్ని దగ్గర చేసే శక్తికి మి.మీ.లలో కొలత) గుణించి దూరంతో భాగిస్తే, సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద ఆ పక్షి ఎంత పొడవున పడుతుందో వస్తుంది. దాదాపు మీటరు ఎత్తుండే ఎర్రకాళ్ల కొంగ 50 మీటర్ల దూరంలో ఉంటే, 400 మి.మీ. లెన్స్‌తో అది సెన్సర్ మీద 8 మి.మీ. ఎత్తున పడుతుంది. కెనాన్ ఏపీఎస్-సి (36×24 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న రకం) సెన్సర్ ఎత్తు 15 మి.మీ.కి కాస్త తక్కువ కాబట్టి కొంగ ఫ్రేములో సగానికి మించి నిలుస్తుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఆ కొంగ ఎత్తు రెండు వేల పిక్సెళ్లు దాటుతుంది, గోడకు పెట్టుకునే ప్రింటుకు అది చాలు. అదే లెన్స్‌తో 8 మీటర్ల దూరంలో మందారం మీద వాలిన పది సెంటీమీటర్ల తేనెపిట్టను తీస్తే 5 మి.మీ. మాత్రమే వస్తుంది, అంటే ఫ్రేములో మూడో వంతు. 600 మి.మీ. లెన్స్ అయితే అది సగమవుతుంది. పెద్ద నీటిపక్షుల కోసం ఉప్పలపాడు వెళ్లేవారికి 400 సరిపోతుంది. చిన్న పిట్టల మీద, కొల్లేరు దూరాల మీద మనసున్నవారికి 600 కావాలి.

సూపర్‌జూమ్‌లు ఎవరికి

లెన్స్ మార్చే పని లేని సూపర్‌జూమ్ కెమెరాలు చాలామందిని ఆకర్షిస్తాయి. నికాన్ కూల్‌పిక్స్ పి950 (2020లో వచ్చింది) ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 2000 మి.మీ. దాకా, పి1000 (2018) 3000 మి.మీ. దాకా చేరతాయి. మధ్యాహ్నం మంచి ఎండలో, కదలకుండా కూర్చున్న పక్షిని గుర్తుపట్టడానికి ఇవి చక్కగా ఉపయోగపడతాయి. పక్షుల జాబితా రాసుకోవడం, ఏ జాతో తేల్చుకోవడం ప్రధానమైన వారికి నేను వీటినే సూచిస్తాను. ఫోటో అందమే లక్ష్యమైతే ఇవి నిరాశపరుస్తాయి, కారణం సెన్సర్ పరిమాణం. వీటి సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. కాగా, కెనాన్ ఏపీఎస్-సిది 330 పైన. దాదాపు పన్నెండు రెట్ల ఈ తేడా తెల్లవారుజామున స్పష్టంగా బయటపడుతుంది: ఈకల గీతలన్నీ కలిసిపోయి పూత పూసినట్లు కనిపిస్తాయి. ఎగిరే పక్షి మీద ఫోకస్ నిలబెట్టడంలోనూ ఇవి వెనకబడతాయి. పాత పి900 కొనదలచినవారు అందులో రా ఫైలు (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని యథాతథంగా దాచేది) తీసుకునే వీలు లేదని గుర్తుంచుకోవాలి, పి950, పి1000లకు ఆ వీలుంది. ఇదే వర్గంలో సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 (2017) మరో మెట్టు పైన ఉంటుంది. దాని ఒక అంగుళపు సెన్సర్‌కు 600 మి.మీ. సమాన దూరంలోనూ ఎఫ్/4 దాకా తెరవగలిగే లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు) ఉంది కాబట్టి, ఏపీఎస్-సి మీద ఎఫ్/8 లెన్స్ సేకరించేంత వెలుతురును అది కూడా సేకరిస్తుంది.

తేలికపాటి 400, బరువైన 600

అసలు తర్జనభర్జన ఈ రెంటి మధ్యే. మొదటి దారిలో కెనాన్ ఆర్10 వంటి బాడీ, ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 లెన్స్ ఉంటాయి. లెన్స్ 635 గ్రాములు, బాడీ బ్యాటరీతో కలిపి 429 గ్రాములు, రెండూ కలిపితే కిలో కన్నా కొంచెం ఎక్కువ. సోనీ వాడేవారికి 70-350 ఎఫ్/4.5-6.3 లెన్స్ దాదాపు అంతే బరువులో వస్తుంది. రెండో దారిలో నికాన్ జడ్50 II మీద జడ్ 180-600 ఎఫ్/5.6-6.3, లేదా సోనీ ఏ6700 మీద 200-600 ఎఫ్/5.6-6.3 ఉంటాయి. వీటిలో లెన్స్ ఒక్కటే కాలర్‌తో (ట్రైపాడ్‌కు బిగించే పట్టీ) కలిపి రెండు కిలోలు దాటుతుంది. ధరలో కూడా ఈ 600 లెన్స్‌లు కెనాన్ 100-400కు రెండింతలకు పైనే ఉంటాయి.

వెలుతురు విషయంలో వీటి తేడా ఎంతో చూద్దాం. జనవరి ఉదయం సూర్యుడు కాస్త పైకి వచ్చాక, ఎగురుతున్న గూడబాతును తీయడానికి 1/1600 సెకను షటర్ పెట్టామనుకోండి. ఎఫ్/8 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి, అది పెరిగేకొద్దీ ఫోటోలో నాయిస్ అనే గరుకుదనం పెరుగుతుంది) సుమారు 2500 అవసరమైతే, ఎఫ్/6.3 దగ్గర 1600 చాలుతుంది. తేడా ఉన్నమాట నిజమే, కానీ నేటి ఏపీఎస్-సి సెన్సర్లకు ఇది ప్రాణాంతకమేమీ కాదు, సాఫ్ట్‌వేర్ దాన్ని సరిదిద్దగలదు. కెనాన్‌లోనే చవకగా దొరికే ఆర్ఎఫ్ 600 ఎఫ్/11 లెన్స్‌కు మాత్రం నేను ఓటు వేయను. 930 గ్రాముల బరువుతో 600 మి.మీ. చేరడం ఆకర్షణీయమే గాని, ఎఫ్/5.6తో పోలిస్తే అది నాలుగో వంతు వెలుతురునే లోపలికి రానిస్తుంది. పక్షులు చురుగ్గా కదిలే తొలి గంటలోనే అది చేతులెత్తేస్తుంది. పైగా నాలుగున్నర మీటర్ల కంటే దగ్గరగా ఉన్నదాని మీద ఫోకస్ చేయలేదు.

600 మి.మీ. కొనేముందు మన ప్రాంతపు వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మార్చి నెల దాటాక ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకే నీటి మీద, గట్ల మీద వేడి గాలి అలలు అలలుగా లేస్తుంది. దూరపు పక్షిని ఆ గాలిలోంచి తీస్తే, ఫోకస్ సరిగ్గా కుదిరినా కంటి చుట్టూ గీతలు కరిగినట్లు వస్తాయి. దీనికి లెన్స్‌లో మందు లేదు. ఖరీదైన లెన్స్ కొని వేసవిలో పది గంటలకు కొల్లేరు వెళ్లేవారి కంటే, 400 మి.మీ.తో సూర్యోదయానికే చేరి, ఓపికగా కూర్చుని పక్షిని దగ్గరకు రానిచ్చేవారికే మంచి ఫోటోలు వస్తాయి. లెన్స్ తేలిగ్గా ఉంటేనే అలా వారం వారం వెళ్లడానికి మనసొప్పుతుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారిలో ఎక్కువమందికి నా సలహా తేలికపాటి 400. కొల్లేరుకు తరచూ వెళ్లేవారు, ట్రైపాడ్ మోయడానికి వెనుకాడనివారు, చిన్న పిట్టల కోసమే కెమెరా కొంటున్నవారు మాత్రం నేరుగా 180-600 వంటిదానికి వెళ్లడమే మంచిది. ఆ లెన్స్ జూమ్ చేసినా పొడవు మారదు కాబట్టి గింబల్ (బరువైన లెన్స్‌ను తూకంగా తిప్పే ట్రైపాడ్ తల) మీద తూకం చెదరదు, జూమ్ రింగు కూడా కొద్దిగా తిప్పితేనే ఈ చివర నుంచి ఆ చివరకు వెళుతుంది. విజయవాడలో పెళ్లి ఫోటోగ్రాఫర్ల కోసం లెన్స్‌లు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. ఇంత డబ్బు పెట్టే ముందు అటువంటి లెన్స్‌ను ఒక శని, ఆదివారాలు అద్దెకు తెచ్చుకుని, మీ భుజం ఏమంటుందో తెలుసుకోండి.

తక్కువ డబ్బుతో 500 మి.మీ. దాకా వెళ్లాలనుకునేవారికి సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరం కెమెరా) మంచి దారి. నికాన్ డి7500 లేదా డి500 మీద 200-500 ఎఫ్/5.6 లెన్స్ ఇప్పటికీ చక్కని ఫలితాలనిస్తుంది. కొనేటప్పుడు లెన్స్‌ను రెండు వైపులా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి లోపలి గాజుల మీద సాలెగూడు వంటి గీతలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వద్దనండి. షటర్ ఎన్నిసార్లు పనిచేసిందో ఫైలు వివరాల్లోంచి చూపమని అడగాలి, 500 మి.మీ. దగ్గర దూరపు బోర్డు అక్షరాలను తీసి ఫోకస్ కుదురుతోందో లేదో అక్కడికక్కడే సరిచూసుకోవాలి.

సీతాకోకచిలుకల విషయానికి వస్తే, ప్రత్యేకంగా మాక్రో లెన్స్ (దగ్గరి చిన్నవాటిని పెద్దగా చూపేది) కొనే ముందు చేతిలో ఉన్నదాన్ని పరీక్షించుకోవాలి. కెనాన్ 100-400 లెన్స్ 400 మి.మీ. దగ్గర 0.41 రెట్ల పరిమాణాన్ని ఇస్తుంది, అంటే ఆరు సెంటీమీటర్ల రెక్కల సీతాకోకచిలుక సెన్సర్ మీద దాదాపు రెండున్నర సెంటీమీటర్లై ఫ్రేము అంచులు దాటిపోతుంది. దాని తల, ముడుచుకున్న తొండం, రెక్కల పొలుసులు విడివిడిగా కావాలంటే మాత్రం 90 లేదా 100 మి.మీ. మాక్రో లెన్స్ తీసుకోవాలి. వెంటనే అంత పెట్టలేనివారు రేనాక్స్ డీసీఆర్-250 వంటి క్లిప్ లెన్స్‌ను ఇప్పటికే ఉన్న జూమ్ ముందు తగిలించి మొదలుపెట్టవచ్చు. దాంతో లోతు చాలా తక్కువగా ఫోకస్‌లో ఉంటుంది కాబట్టి రెక్కలు మూసుకున్న సీతాకోకచిలుకకు సరిగ్గా పక్కన నిలబడి తీయడం అలవాటు చేసుకోవాలి.

బాడీలో చూడవలసింది

మెగాపిక్సెళ్ల సంఖ్య కంటే మూడు సంగతులు ముఖ్యమని చెబుతాను. ఒకటి, పక్షి కంటిని కనిపెట్టి దాని మీదే ఫోకస్ నిలిపే సామర్థ్యం. ఆర్10, జడ్50 II, ఏ6700 మూడింటిలోనూ అది ఉంది. కొమ్మల గుబురులో ఉన్న పిట్ట మీద మిర్రర్‌లెస్ కెమెరా పాత డీఎస్ఎల్ఆర్ కంటే ఎక్కువగా రాణించేది ఇక్కడే. రెండోది, వెలుతురును ముందే చూపే వ్యూఫైండర్. ముదురు ఆకుల నేపథ్యంలో తెల్ల కొంగ కూర్చుంటే, కెమెరా ఆ నలుపును చూసి ఫ్రేమును ప్రకాశవంతం చేస్తుంది, కొంగ ఈకలు సున్నం కొట్టినట్లయి వివరమంతా పోతుంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో అది నొక్కకముందే కనబడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను స్టాప్‌లో (వెలుతురును సగం చేసే మెట్టు) మూడింట రెండు వంతులు లేదా ఒక స్టాప్ తగ్గించుకోవచ్చు. ఎర్రకాళ్ల కొంగ తోక దగ్గరి గులాబీ ఈకల్లో మరో చిక్కుంది. మొత్తం హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడల పంపిణీని చూపే గ్రాఫు) బాగానే ఉన్నట్లు కనిపించినా ఎరుపు ఛానెల్ ఒక్కటే కుడి అంచుకు తగిలిపోతుంది, ఆ గులాబీ రంగు తరువాత తిరిగి రాదు. మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను తెరిచి ఉంచుకోవడం అందుకే అవసరం. మూడోది బఫర్ (కార్డుకు చేరేలోపు ఫోటోలను దాచుకునే తాత్కాలిక చోటు): ఆర్10 మెకానికల్ షటర్‌తో సెకనుకు 15 ఫోటోలు తీయగలదు గాని, కార్డు నెమ్మదైనదైతే అసలు క్షణంలోనే ఆగిపోతుంది. కార్డు దగ్గర పొదుపు చేయకండి.

ఆటపాక పడవలో ట్రైపాడ్ పనికిరాదు, పడవతోపాటే అదీ ఊగుతుంది. కొల్లేరు గట్ల మీద కారులోంచి తీసేవారు బియ్యమో మినుములో నింపి కుట్టించుకున్న గుడ్డ సంచిని కిటికీ మీద వేసుకుంటే, ఖరీదైన స్టాండ్ల కంటే అది మేలు. లెన్స్‌లోని స్థిరీకరణ మన చేతి వణుకునే ఆపుతుంది, పక్షి కదలికను ఆపేది షటర్ వేగం ఒక్కటే. గూళ్ల దగ్గర ఫ్లాష్ వాడకండి, పక్షి గూడు వదిలి లేచే పరిస్థితి వస్తే వెంటనే వెనక్కి తగ్గండి.

కృష్ణా డెల్టా తేమలో లెన్స్‌ను సంచిలో మూసిపెడితే వర్షాకాలం ముగిసేలోపు ఫంగస్ పట్టవచ్చు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటరు వేసి తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చాలు. ఏసీ గదిలోంచి తీసిన లెన్స్‌ను బయట వెంటనే తెరిస్తే గాజు మీద మంచు పడుతుంది. సంచి మూసే ఉంచి, బయటి వేడికి అలవాటు పడనిచ్చాకే తీయాలి.

ఎడిటింగ్

రా ఫైలు తీయనివారికి సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి ఆలోచించవలసినది పెద్దగా లేదు. జేపెగ్‌ను ఫోన్‌లోని స్నాప్‌సీడ్‌తోనే ఉచితంగా సరిచేసుకోవచ్చు. పక్షుల ఫోటోలకు మాత్రం రా తప్పనిసరి అని నమ్ముతాను. తెల్ల ఈకల్లోని వివరాన్ని, నీడలోని కన్నును వెనక్కి తెచ్చుకునే అవకాశం అందులోనే ఉంటుంది, పైగా పేరున్న పోటీలు అసలు రా ఫైలు చూపమని అడుగుతాయి.

కెమెరాతో వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చాలామంది తెరవను కూడా తెరవరు. కెనాన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, 2021లో వచ్చిన నికాన్ ఎన్ఎక్స్ స్టూడియో, రెండూ తమ కెమెరా రంగులను ఉన్నదున్నట్లు చూపుతాయి. ఫ్రేము కత్తిరించడం, వెలుతురు సరిచేయడం నేర్చుకోవడానికి మొదటి కొన్ని నెలలు అవి చాలు. ఆ తరువాతి మెట్టుగా డార్క్‌టేబుల్‌ను సూచిస్తాను. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది, కెమెరాను బట్టి కొలిచి పెట్టిన నాయిస్ తగ్గింపు, ఎంచుకున్న భాగానికే పరిమితమయ్యే మాస్కులు అందులో ఉన్నాయి. మొదటి వారం దాని మాడ్యూళ్ల గుంపు బెదరగొడుతుంది, ఎక్స్‌పోజర్, సిగ్మాయిడ్, డీనాయిస్, షార్పెన్ తప్ప మిగతావి మూసిపెట్టి మొదలుపెట్టండి. రాథెరపీ కూడా ఇదే కోవలోది. గింప్ రా ఫైలును నేరుగా తెరవదు, వీటిలో ఏదో ఒకదాని సహాయం దానికి కావాలి.

అడోబ్ లైట్‌రూమ్ క్లాసిక్‌కు డబ్బు కట్టడం ఎప్పుడు న్యాయమంటే, ఒక ఉదయం తీసిన వందల ఫోటోలను ఏరి, పేర్లు పెట్టి, సంవత్సరాల తరువాత కూడా వెదికి పట్టుకోవాలనుకున్నప్పుడు. ఆ పనిలో దానితో పోటీ పడేది తక్కువే. 2023 ఏప్రిల్‌లో దానికి చేర్చిన డీనాయిస్ సదుపాయం ఐఎస్ఓ 3200 ఫైలులోని నాయిస్‌ను ఈకల గీతలు చెదరకుండా తీసేస్తుంది, ఎఫ్/8 లెన్స్ వాడేవారికి ఇది నిజంగా కొత్త ఊపిరి. అయితే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, లేని పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫోటోకు నిమిషాలు పడుతుంది. చందా వద్దనుకునేవారు డీఎక్స్ఓ ప్యూర్‌రాను ఒకసారి కొనుక్కుని, దానితో నాయిస్ తీసేసిన ఫైలును డార్క్‌టేబుల్‌లోకి తెచ్చుకోవచ్చు. నా దృష్టిలో ఈ జోడీ లైట్‌రూమ్‌కు సరైన ప్రత్యామ్నాయం.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు ల్యాప్‌టాప్ తెరను చూడండి. చవక తెరలు ఎస్ఆర్‌జీబీ (తెరలకు ప్రామాణికమైన రంగుల పరిధి) రంగుల్లో సగానికి కాస్త పైన మాత్రమే చూపగలవు. వాటిలో పాలపిట్ట నీలం వెలిసినట్లు కనిపించేసరికి మనం శాచురేషన్ పెంచుతూ పోతాం, ప్రింటు వేయిస్తే రంగులు కళ్లలో పొడుస్తాయి. పూర్తి ఎస్ఆర్‌జీబీ చూపే ఐపీఎస్ తెర, లేదా అటువంటి మానిటర్ ఒకటి, సాఫ్ట్‌వేర్ చందా కంటే ముందు కొనవలసిన వస్తువు.

రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య తేల్చుకోలేనివారు తమ దగ్గరి మూడు కష్టమైన ఫైళ్లు తీసుకోండి: ఆకుల ముందున్న తెల్ల కొంగ ఒకటి, ఎక్కువ ఐఎస్ఓతో తీసిన ఎగిరే పక్షి ఒకటి, ఆకాశానికి ఎదురుగా నల్లగా వచ్చిన పిట్ట ఒకటి. ముందుగా ఉచితమైనవాటిలో వాటిని సరిచేసి, తరువాత లైట్‌రూమ్ ఉచిత ట్రయల్‌లో అవే మూడింటిని మళ్లీ చేసి, పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మీ కంటికి కనబడితేనే చందా కట్టండి. కట్టేటప్పుడు షరతులు చదువుకోండి, సంవత్సరపు ఒప్పందాన్ని నెలనెలా చెల్లించే పథకాన్ని మధ్యలో మానేస్తే మిగిలిన నెలలకు కొంత రుసుము వసూలు చేస్తారు.